వలస కూలీ చేతిలో పాస్‌బుక్ ఏది?

సంపాదకులకు నమస్కారం.

2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ వేళ, హైవే వెంట నడిచిపోతున్న కూలీలకు మేం కొందరం అన్నం పొట్లాలు అందించాం. వారిలో ఒక సెంట్రింగ్ కుర్రాడు జేబులోంచి నలిగిపోయిన చిన్న డైరీ తీసి చూపించాడు. పనిచేసిన రోజుకొక నిలువు గీత చొప్పున మొత్తం 23 గీతలున్నాయి. ఆ కూలి ఎవరివ్వాలని అడిగితే మేస్త్రీ నంబరు చూపాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. తాను కట్టిన బిల్డింగ్ ఏ కంపెనీదో కూడా ఆ పిల్లాడికి తెలియదు.

నిజానికి అతని దగ్గర ఉండాల్సింది ఫొటో అంటించిన పాస్‌బుక్. పనిచేసే చోటు, కూలి రేటు, తిరుగు ప్రయాణం ఖర్చు రాసి గుత్తేదారు దాన్ని ఇచ్చి తీరాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. గుత్తేదారు ఎగ్గొడితే కూలి చెల్లించాల్సింది అసలు యజమానే అని కూడా అందులోనే ఉంది. ఆ యజమాని పేరే తెలియకపోతే ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలి?

లాక్‌డౌన్‌లో కూలి కోయకుండా ఇవ్వాలని కేంద్రం మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. రెండు నెలలైనా గడవకముందే మే 18 నుంచి అది లేకుండా పోయింది. ఈలోపే, మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది మీదుగా గూడ్సు బండి వెళ్లింది. పట్టాల మధ్య చెల్లాచెదురైన రొట్టెల ఫొటో నాకింకా కళ్ల ముందే ఉంది. సెప్టెంబరులో అదే కేంద్రం, దారిలో చనిపోయిన వలస కూలీల లెక్క తన దగ్గర లేదని పార్లమెంటులో చెప్పింది. బతికుండగా ఏ రిజిస్టరులోనూ ఎక్కించని వాళ్లను పోయాక ఎలా లెక్కపెడతారు?

2021లో అసంఘటిత కార్మికుల పేర్లు నమోదుచేసి కార్డు ఇచ్చే ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది, మంచిదే. కానీ ఆ కార్డు మీద కూలి బాకీపడ్డ గుత్తేదారు పేరుండదు. ఇప్పుడు పాత చట్టం పోయి కార్మిక కోడ్ వచ్చింది. ఐదుగురు అంతర్రాష్ట్ర వలస కూలీలుంటే చాలు వర్తించే నిబంధనలు ఇప్పుడు పదిమంది ఉంటేనే వర్తిస్తాయి. అలాంటి కూలీలు ఎనిమిది మందే ఉన్న చోటికి ఆ నిబంధనలు ఇక వర్తించవన్నమాట. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తోంది.

కార్మిక శాఖకు నా విన్నపం ఒక్కటే. కూలీలు ఎంతమంది ఉన్నా సరే, పని మొదలయ్యే రోజునే ప్రతి ఒక్కరికీ యజమాని పేరు, ఫోన్ నంబరు, కూలి రేటు వాళ్ల భాషలో రాసి ఇప్పించండి. ఇచ్చారో లేదో సైటుకు వెళ్లి కూలీలనే అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు