29వ నంబర్ టోకెన్ ఇచ్చిన పెద్దాయనకు

పాప ఇప్పుడే నిద్రపోయింది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి, కానీ ఇది రాయకుండా పడుకోలేను.

మా పాపకు 11 ఏళ్లు. ఎడమ దవడ వాచింది, నొప్పి మాత్రం లేదు. చీము అనుకుని మూడుసార్లు యాంటీబయాటిక్ వాడించారు. దవడలు, పళ్లు మొత్తం ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒక్కటి తీసుంటే మొదటి రోజే తెలిసిపోయేది. ఊడని పాలపన్ను కింద, రావాల్సిన పన్ను ఎముకలోనే ఉండిపోయి, దాని తల చుట్టూ నీటి సంచి పెరిగింది. డెంటిజెరస్ సిస్ట్ అంటారట.

ఆపరేషన్‌కు ముందు త్రీడీ స్కాన్ కావాలన్నారు. తిరుపతిలో మేం వెళ్లినచోట మిషను ఒక్కటే. మాది 43వ టోకెన్. నాలుగింటికి మూసేస్తారు. ఆ రోజు కాకపోతే ఆపరేషన్ మళ్లీ పది రోజులు వాయిదా. గోడవైపు తిరిగి ఏడుస్తున్నాను. పీలేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మా పాపకంటే పెద్ద వాపు, తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. "పాపకు బడి పోతాది. నాదేముండాదిలేమ్మా" అని తన 29 నా చేతిలో పెట్టి, నా 43 తీసుకున్నారు. నేను వద్దనలేదు. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆ రోజు 36 దగ్గర ఆపేశారు. మరుసటి పొద్దున పాపను థియేటర్‌కు తీసుకెళ్తుంటే, స్కాన్ గది ముందు అదే చొక్కాతో ఆయన. రాత్రి ఆర్టీసీ బస్టాండులో, కొండకొచ్చిన జనం మధ్య పడుకున్నారట. నన్ను చూసి "పాపకు బయమేస్తా ఉందామ్మా?" అని అడిగారు. అక్కడే కూలబడిపోయాను. పేరు కూడా అడగలేదు.

ఎంతమందికి తీయగలరో అన్ని టోకెన్లే ఇవ్వొచ్చు కదా! సాయంత్రందాకా కూర్చోబెట్టి రేపు రమ్మంటే కుప్పం వాళ్లు ఏమైపోవాలి?

పాలపన్ను తీసి, సంచికి కిటికీలా దారి చేశారు. లోపలి పన్ను పీకలేదు, చిన్న వయసు కాబట్టి దానంతటదే పైకి రావచ్చట. రోజూ సిరంజితో సెలైన్ కొట్టి కడగాలి. బయాప్సీ ఈరోజు వచ్చింది, మామూలు సిస్టే.

థ్యాంక్స్ చెప్పాల్సినవాళ్లలో మా ఆయన, అమ్మ, చెల్లి ఎలాగూ ఉన్నారు.

అయ్యో, బెలూన్‌లో పన్ను బొమ్మ గీసి పాపకు అర్థమయ్యేలా చెప్పిన హౌస్ సర్జన్ అమ్మాయిని మరిచిపోయాను. రాగంబలి వడగట్టి, చల్లార్చి ఇచ్చిన క్యాంటీన్ అన్ననూ. పక్క బెడ్ పుంగనూరు అక్కా, మీ ఛార్జర్ నా బ్యాగులోనే వచ్చేసింది, అడ్రస్ పెట్టండి.