లండన్ చీకట్లో డెన్మార్క్ కెప్టెన్

ఒరే మూర్తీ,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ చెల్లెమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక అసలు సంగతికి వచ్చేస్తాను, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. 'కాంట్రాబాండ్' అని ఒక పాత బ్రిటిష్ సినిమా చూశాను. 1940 నాటిది. గూఢచారుల కథే, కానీ సగం నవ్వు, సగం చీకటి. ఆ చీకటి గురించే నీకు రాయాలనిపించింది.

కథ 1939 నవంబరులో జరుగుతుంది. యుద్ధం మొదలై రెండు నెలలే అయింది. జర్మనీకి సరుకు అందకూడదని బ్రిటిష్ నౌకాదళం తటస్థ దేశాల ఓడల్ని కూడా ఆపి సోదా చేస్తున్న రోజులు. అలా ఆగిపోయిన ఒక డెన్మార్క్ సరుకు ఓడకి కెప్టెన్ మన హీరో, ఆండర్సన్. రూలంటే రూలే అనే మనిషి. ఆయన ఓడలోనే మిసెస్ సోరెన్సన్ అని ఒకావిడ ఉంది. లైఫ్‌జాకెట్ వేసుకోమంటే వేసుకోదు. ఈయన ఎంత బిగుసుకుంటే ఆవిడ అంత తేలిగ్గా తీసుకుంటుంది. ఇంతలో నౌకాదళం ఆఫీసర్లు కెప్టెన్‌ని భోజనానికి పిలుస్తూ, ఒడ్డుకి దిగడానికి రెండు పాసులు ఇస్తారు. కాసేపటికి పాసులు మాయం. మిసెస్ సోరెన్సన్ మాయం. పిజియన్ అనే ఇంకో ప్రయాణికుడూ మాయం! తన ఓడలో తన మాట చెల్లలేదన్న ఉక్రోషంతో కెప్టెన్ దొంగచాటుగా ఒడ్డుకి దిగి, ఆవిడ వెంట లండన్‌కి పోతాడు. దేశభక్తి, కర్తవ్యం లాంటివి ఆ క్షణంలో ఆయన బుర్రలో ఏమీ లేవురా. ఒక ఆడమనిషి తనని బోల్తా కొట్టించింది, అంతే. నాకు అక్కడే నచ్చేశాడు.

లండన్‌లో దిగేసరికి ఊళ్లో ఒక్క దీపం లేదు. 1939 సెప్టెంబరు 1 నుంచి బ్రిటన్‌లో బ్లాకౌట్, అంటే శత్రు విమానాలకి ఊరు కనబడకుండా దీపాలార్పెయ్యడం. కిటికీలకి నల్ల తెరలు, కార్ల లైట్లకి ముసుగులు, జనం తట్టుకుని పడకుండా పేవ్‌మెంట్ల అంచులకి తెల్ల రంగు. ఏ సందులోంచైనా కాస్త వెలుగు బయటికొచ్చిందంటే వార్డెన్ వచ్చి కేకలేసేవాడు. చిత్రమేమిటంటే, లండన్ మీద జర్మన్ విమానాల వరస దాడులు మొదలైంది ఆ మరుసటి ఏడు, 1940 సెప్టెంబరులో. ఈలోగా బాంబుల భయంతో దీపాలార్పిన ఆ ఊళ్లో జనం రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయారు. అదీ అప్పటి పరిస్థితి. శత్రువు కనబడడు, స్తంభమూ కనబడదు.

నోయర్ సినిమాల్లో, అదే, నీడలతో నిండిన ఆ నేర కథల్లో, నీడలన్నీ కెమెరామన్ తన ఇష్టంకొద్దీ పెట్టుకుంటాడు కదా. ఇందులో ఊరంతటికీ నీడ పరిచింది ప్రభుత్వం! కెమెరా చేతిలో ఉన్న ఫ్రెడ్డీ యంగ్ దాన్ని వాడుకున్నాడు. (తరవాత 1962లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో కళ్లు బైర్లు కమ్మే ఎడారి ఎండని తీసింది ఈయనే.) వీధిలో మనుషులు ఆకారాలుగా మాత్రమే కదులుతారు. ఏదైనా తలుపు తెరిస్తే లోపల ఒక్కసారిగా వెలుగు, సంగీతం, వేడి వేడి భోజనం. మూస్తే మళ్లీ చిమ్మచీకటి. ఒకరినొకరు గుద్దుకుంటే నవ్వొస్తుంది. ఆ గుద్దుకున్నవాడు ఎవడో తెలియకపోతే టెన్షన్ వస్తుంది. రెండింటికీ కారణం ఒకటే కాబట్టి, ఈ సినిమాలో కామెడీకీ భయానికీ మధ్య అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. అమెరికాలో దీన్ని 'బ్లాకౌట్' అనే పేరుతోనే విడుదల చేశారు. నన్నడిగితే అదే సరైన పేరు.

విశాఖలో పెరిగినవాడివి, నీకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి కదా. లాంతరు చిమ్నీకి నల్ల కాయితం చుట్టుకున్న రోజుల గురించి మా అమ్మమ్మ చెప్తూ నవ్వేది. చీకట్లో చారు అనుకుని మజ్జిగలో పోపు వేసేసిన సంగతి దగ్గర మరీను.

సరే, లండన్‌కి వద్దాం. కెప్టెన్ గారి ఫస్ట్ మేట్‌కి (ఓడలో ఆయన తరవాతి అధికారి) లండన్‌లో ఒక తమ్ముడున్నాడు. 'త్రీ వైకింగ్స్' అనే డేనిష్ హోటల్ అతనిది. ఇద్దరు అన్నదమ్ములుగానూ వేసింది హే పెట్రీ అనే ఒకే నటుడు. ఆ హోటల్ వాడి హడావిడి చూడాలిరా! తరవాత కెప్టెనూ, మిసెస్ సోరెన్సనూ జర్మన్ గూఢచారుల చేతికి చిక్కుతారు. నేలమాళిగలో కట్టేస్తారు. అక్కడికి ఎక్కడిదో నైట్‌క్లబ్ పాట వినబడుతూ ఉంటుంది. కెప్టెన్ ఎలాగో తప్పించుకుని బయటపడితే, సాయానికి వచ్చే సైన్యం ఎవరనుకున్నావు? హోటల్లో వెయిటర్లూ, వంటవాళ్లూ! పోలీసులు చెయ్యాల్సిన పని వీళ్లు చేస్తుంటే చూడ్డానికి భలే ఉంటుంది.

అసలు అల్లరంతా చివర్లో ఉంది. ఒక గోడౌన్ నిండా అప్పటి ప్రధాని నెవిల్ చాంబర్లేన్ ప్లాస్టర్ బొమ్మలు, వరసలు వరసలుగా. చీకట్లో కాల్పులు. 1938లో మ్యూనిచ్‌లో హిట్లర్‌తో సంతకాలు చేసి శాంతి తెచ్చానన్న పెద్దమనిషి ప్లాస్టర్ తల పట్టుకుని గూఢచారి నెత్తిన కొట్టడం ఉంది చూశావూ, హాల్లో జనం ఎలా నవ్వి ఉంటారో! పైగా కాలం కూడా కలిసొచ్చింది. సినిమా వచ్చింది 1940 మేలో. చాంబర్లేన్ రాజీనామా చేసింది మే 10న.

అదే కాలం ఇంకో చోట వెక్కిరించింది కూడా. సినిమా అంతా 'మాది తటస్థ దేశం' అనే కెప్టెన్ మీద నడుస్తుందా, విడుదలకి నెల ముందే, ఏప్రిల్ 9న, జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించేసింది. అంటే టికెట్టు కొనుక్కుని కూర్చున్నవాళ్లకి ఆ కెప్టెన్‌కి తెలియని సంగతి తెలుసు. తీసినవాళ్లు అనుకోని బరువు ఒకటి ఆ పాత్ర మీద వచ్చి కూర్చుంది.

ఆ కెప్టెన్‌గా వేసిన కాన్రాడ్ వైట్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. బెర్లిన్‌లో పుట్టిన జర్మన్. 1920లో 'డాక్టర్ కాలిగారి' అనే జర్మన్ మూకీ సినిమాలో నిద్రలో నడిచే హంతకుడిగా భయపెట్టింది ఆయనే. భార్య యూదురాలు. 1933లో నాజీలు వచ్చాక ఆవిడతో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 1939లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. తరవాత 'కాసాబ్లాంకా'లో నాజీ మేజర్‌గా చూసే ఉంటావు. హాలీవుడ్ ఆయనకి ఎక్కువగా యూనిఫారమ్ వేసి విలన్‌ని చేసేది. 1943లో లాస్ ఏంజెలెస్‌లో యాభయ్యేళ్లకే పోయాడు, గోల్ఫ్ ఆడుతూ ఆడుతూ గుండెపోటుతో. ఆ మొహం, ఆ లోతైన కళ్లు, ఆ పొడుగూ చూస్తే ఎవరికైనా విలనే గుర్తొస్తాడు. ఇందులో మాత్రం అదే మొహానికి సరసం ఇచ్చారు. కనుబొమ్మ కాస్త పైకెత్తి, నవ్వు ఆపుకుంటూ మిసెస్ సోరెన్సన్‌గా వేసిన వేలరీ హాబ్సన్‌ని చూస్తాడే, ఆ చూపు కోసం సినిమా రెండోసారి పెట్టుకున్నాను.

తీసింది మైకేల్ పావెల్, కథ రాసింది ఎమెరిక్ ప్రెస్‌బర్గర్. వాళ్లిద్దరూ కలిసి చేసిన రెండో సినిమా ఇది. ప్రెస్‌బర్గర్ హంగరీలో పుట్టిన యూదుడు, బెర్లిన్ స్టూడియోల్లో పనిచేసి, అక్కడ బతకలేక వచ్చేసినవాడు. సెట్లు వేసిన ఆల్ఫ్రెడ్ యుంగె కూడా జర్మనే. ఆ నీడల విద్య బెర్లిన్ నుంచి వీళ్ల వెంట వచ్చింది. దానికి లండన్ వాళ్ల గొణుగుడు, వెక్కిరింత తోడయ్యాయి.

లోపాలు లేవని కాదు. గూఢచారుల రహస్యం ఏమిటన్నది నాకు సగం అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. విలన్లు కాస్త పలచన. నడుమ ఒక పావుగంట ఎవడు ఎవడి మనిషో తేలదు. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ అయితే అక్కడ పట్టు సడలనిచ్చేవాడు కాదు. కానీ హిచ్‌కాక్‌కి ఆ హోటల్ వాడి మీద ఇంత ప్రేమ ఉండేది కాదేమో అనీ అనిపించింది.

ఇంకో ముచ్చట. సిగరెట్లు అమ్మే అమ్మాయిగా డెబొరా కెర్ వేసిన సీను ఎడిటింగులో ఎగిరిపోయింది. 1947లో అదే పావెల్, ప్రెస్‌బర్గర్‌లు హిమాలయాల్లో నన్‌ల కథ తీసినప్పుడు ఆవిడే హీరోయిన్.

ఈ ఆదివారం చూడు. నీ పెద్ద టీవీలో, గదిలో లైట్లన్నీ ఆపేసి చూడు, లేకపోతే సగం సీన్లు నల్లగా కనిపించి నన్ను తిడతావు. చూశాక, మిసెస్ సోరెన్సన్ పక్షమా, కెప్టెన్ పక్షమా రాయి. మా ఇంట్లో ఓట్లు చీలాయి. పావెల్ పనిచేసిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' కూడా నా దగ్గర ఉంది. అందులో మైసూరు కుర్రాడు సాబూ, మాంత్రికుడుగా ఇదే కాన్రాడ్ వైట్. అది వచ్చే నెల నువ్వు వచ్చినప్పుడు కలిసి చూద్దాం. పాలకోవా మర్చిపోకు.

నీ
ప్రసాద్