పొడి డబ్బా కొనే ముందు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. నాన్నగారి ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రెండేళ్లు చక్కగా పనిచేసిన హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పుడు పనిచేయడం లేదనీ, ఆ వ్యాధి జోరును రక్తపరీక్షలో చూపే పీఎస్‌ఏ మళ్లీ పెరుగుతోందనీ రాశావు. చివర్లో, రోగనిరోధక శక్తి పెంచే పొడి ఏదైనా ఇస్తే ఎలా ఉంటుందని అడిగావు. ఆ మాటకు కాస్త కోపం వచ్చింది. తిట్టను, విను.

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ అందకుండా చేస్తే అవి డీలాపడతాయని 1941లోనే చార్లెస్ హగిన్స్ అనే డాక్టరు చూపించాడు. నాన్నగారి ఇంజెక్షన్ల వెనుక ఉన్నది ఆ సూత్రమే. మరి హార్మోన్ దాదాపు అడుగంటాక కూడా ఆ కణాలు ఎలా లేచి కూర్చుంటాయి? కొన్ని తమ రిసెప్టర్‌నే, అంటే హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్‌నే, మార్చేసుకుంటాయి. అదొక దారి. నాకు నిద్ర పట్టనివ్వనిది రెండోది.

రోగనిరోధక కణాలు సైటోకైన్లనే చిన్న ప్రోటీన్లతో కబుర్లు పంపుకుంటాయి. కణితి కూడా అలాంటి కబుర్లే పంపి, ఎముక మజ్జలో పుట్టిన, మైలాయిడ్ అనే ఒక రకం రోగనిరోధక కణాలను తన చుట్టూ చేర్చుకుంటుంది. అవి వచ్చి, క్యాన్సర్‌పై పోరాడాల్సిన టీ కణాలను అణచివేస్తాయి. ఇంతవరకు పాత సంగతే. ఆ మైలాయిడ్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-23 అనే సైటోకైన్‌ను కూడా విడుదల చేస్తాయనీ, అది క్యాన్సర్ కణంలోని ఆండ్రోజెన్ (మగ హార్మోన్) రిసెప్టర్‌ను మళ్లీ మేల్కొల్పుతుందనీ 2018లో ఒక పరిశోధన బయటపెట్టింది. కంచే చేను మేయడమంటే ఇదే! దాన్ని అడ్డుకుంటే హార్మోన్ చికిత్స మళ్లీ పనిచేసింది, ఎలుకల్లో. ఎలుకల్లో అని ఇంకోసారి రాస్తున్నాను, నీ ఆత్రం నాకు తెలుసు.

ఎందుకంటే ఇంటర్‌ల్యూకిన్-6 అనే మరో సైటోకైన్ విషయంలోనూ ఇలాగే ఆశపడ్డారు. వ్యాధి ముదిరినవారి రక్తంలో అది తరచుగా ఎక్కువగా ఉంటుంది. దాన్ని బంధించే యాంటీబాడీని రోగులకు ఇచ్చి చూస్తే, అనుకున్నంత మేలు కనబడలేదు. టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్ ఇంకా విచిత్రం. తొలి దశలో కణవిభజనకు కళ్లెం వేస్తుంది, ముదిరాక అదే వ్యాధి వ్యాప్తికి తోడ్పడుతుంది.

ఇప్పుడు చెప్పు, నీ పొడి వీటిలో దేన్ని పెంచుతుంది?

ముందు ఒక పని చెయ్యి. ఈసారి పీఎస్‌ఏతో పాటు టెస్టోస్టెరాన్ ఎంత ఉందో కూడా చూశారేమో డాక్టరుగారిని అడుగు. అది నిజంగా అడుగున ఉంటేనే ఇంజెక్షన్లకు లొంగడం లేదని తేల్చగలరు. డబ్బా ఇప్పటికే కొనేసి ఉంటే మూత తీయకుండా ఆయనకు చూపించు. నాన్నగారికి నా నమస్కారాలు.

నీ
పాత బెంచీ మిత్రుడు