జమ్ములో కూర్చున్న ఆ గోధుమరంగు పిట్ట గురించి

చిరంజీవి నాన్నకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు కాకినాడ నుంచి పంపిన ఫొటోలన్నీ చూశాను. చాలావాటికి పేర్లు వెంటనే తెలిశాయి, విడిగా రాసి పంపుతాను. కాలువ గట్టు పక్కన జమ్ములో కూర్చున్న గోధుమరంగు పిట్ట ఒక్కటే తేలలేదు. ఇంకా పెద్ద లెన్సు ఉంటే దాని పేరు తెలిసేది కదా అమ్మా అని రాశావు. 600 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినా ఆ ఒక్క ఫొటోతో పేరు ఖాయంగా చెప్పడం కష్టమే నాన్నా. లెన్సుకు డబ్బు పెట్టే ముందు ఈ సంగతి నీకు తెలియడం మంచిదని, ఫోనులో ఇవన్నీ ఒక వరుసలో చెప్పడం కుదరదని ఉత్తరం రాస్తున్నాను.

ఆ పిట్టకు వీపు మీద చారలు లేవు, రెక్క మీద గీత లేదు, కడుపు పాలిపోయిన తెలుపు, కంటి మీద కనుబొమలాంటి లేత గీత ఉంది. ఈ పోలికలు క్లామరస్ రీడ్ వార్బ్లర్‌కూ సరిపోతాయి, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్‌కూ సరిపోతాయి. మొదటిది సుమారు 19 సెంటీమీటర్ల పిట్ట, రెండోది సుమారు 13 సెంటీమీటర్లే. ఎదురుగా చూస్తే ఈ తేడా కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నువ్వు ఫొటోను పిట్ట చుట్టూ కత్తిరించి పంపడంతో పక్కన పోల్చి చూడడానికి ఏమీ మిగలలేదు, పరిమాణం తెలిసే దారి పోయింది. ముక్కును బట్టి చెబుదామంటే, పిట్ట సరిగ్గా నీ వైపు తిరిగి ఉన్నప్పుడు తీశావు. ఎదురుగా చూసిన ముక్కు ఎంత పొడవైనా పొట్టిగానే కనిపిస్తుంది. తోక జమ్ము ఆకు వెనుక ఉండిపోయింది. జమ్ములో ఉంది కాబట్టి క్లామరస్ అయ్యే అవకాశమే ఎక్కువ, కానీ అవకాశాన్ని పేరుగా రాసుకోకూడదు.

నువ్వు రాయని సంగతులే ఇక్కడ అక్కరకు వచ్చేవి. అది గట్టిగా, గరగరలాడే గొంతుతో అరిచిందా, లేక పొద లోపలి నుంచి ఆగి ఆగి "చెక్... చెక్" అన్నదా? జమ్ము కాడను పట్టుకుని పైకి పాకిందా, నేలకు దగ్గరగా ఆకుల మధ్య మెసిలిందా? బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ రష్యా వైపు నుంచి వర్షాకాలం చివర్లో మన దేశానికి వచ్చి వేసవి మొదటిదాకా ఉంటుంది. మన పెరట్లో మందార చెట్టుకూ నిమ్మ చెట్టుకూ మధ్య ప్రతి శీతాకాలం దాని "చెక్" వినిపిస్తూనే ఉంటుంది, మనిషి కదిలితే చాలు ఆకుల చాటుకు వెళ్ళిపోతుంది. దాన్ని నేను చూసినదానికన్నా విన్నదే ఎక్కువ. తెలిసిన మనిషిని దూరం నుంచే నడకను బట్టి గుర్తుపట్టినట్టు, చిన్న పిట్టలను ముందు కదలికను బట్టి, గొంతును బట్టి పోల్చుకుంటాం. రంగు ఆ తరువాతి మాట.

వరిచేలలో ఈ విషయం ఇంకా బాగా తెలుస్తుంది. ప్లెయిన్ ప్రినియా, జిట్టింగ్ సిస్టికోలా రెండూ గట్టు గడ్డిలోనే ఉంటాయి, రెండూ గుప్పిట్లో ఇమిడే గోధుమరంగు పిట్టలే. సిస్టికోలా వీపు మీద ముదురు చారలుంటాయి, తోక పొట్టిగా, విప్పినప్పుడు గుండ్రంగా, చివర తెల్లగా ఉంటుంది. ప్రినియాకు చారలు ఉండవు, తోక పొడవు, దాన్ని తరచుగా పైకెత్తి ఆడిస్తుంది. సగం మునిగిన గడ్డి నడుమ నుంచి తల ఒక్కటే కనిపించే ఫొటోలో ఇవేవీ దొరకవు. అదే సిస్టికోలా సంతాన కాలంలో చేను మీదికి లేచి, ఎగుడుదిగుడుగా ఎగురుతూ, ప్రతి ఎగుడుకూ ఒక "జిట్" అంటూ తిరుగుతుంటే, చిన్న చుక్కలా ఉన్నా కెమెరా ఎత్తకుండానే పేరు చెప్పేయవచ్చు. గిజిగాడి సంగతి దీనికి పూర్తిగా వేరు. వర్షాకాలంలో పసుపు తలతో తాటిచెట్టుకు గూడు అల్లే మగపిట్టను ఎవరైనా గుర్తుపడతారు. సార్వా కోతలయ్యాక కళ్ళాల్లో గింజలు ఏరుకునే గుంపులో ఆ పసుపు ఉండదు, ఆడపిచ్చుకలా ఉంటుంది. అప్పుడు రొమ్ము మీద చూడాలి: దట్టంగా నల్లటి చారలు ఉంటే స్ట్రీక్డ్ వీవర్, చారలు లేకుండా లేత గోధుమరంగులో ఉంటే గిజిగాడు.

కొబ్బరి తోటల్లో తేనెపిట్టలను తీసేటప్పుడు వెలుతురుతో జాగ్రత్త. మెరిసే నీలం, ఊదా రంగులు ఎండ పడే కోణాన్ని బట్టి నల్లగా మారిపోతాయి. వాటిలో ముక్కు పొడవును, వంపును చూసుకో. మిగిలినవాటికన్నా బాగా పొడవుగా, బాగా వంగి ఉంటే లోటెన్స్ సన్‌బర్డ్ అనే తేనెపిట్ట అయి ఉంటుంది.

ఇక కోరింగ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ మడ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు ఉన్నా, మనం నిలబడగలిగేది చెక్కల వంతెన మీదా, పడవలోనూ మాత్రమే. వంతెన మీద మడచెట్ల నీడ చిక్కగా ఉంటుంది. పిట్ట కుదురుగా ఉండదు కాబట్టి షట్టరును సెకనులో వెయ్యో వంతు దగ్గర పెడతావు, వెలుతురు చాలక కెమెరా ఐఎస్ఓను, అంటే వెలుతురును పట్టే శక్తిని, 3200కో 6400కో పెంచుతుంది, దానితో బొమ్మ గరుకుగా వస్తుంది, ఆ గరుకులో రెక్క మీద ఉండే సన్నని లేత గీత కలిసిపోతుంది. గ్రీనిష్ వార్బ్లర్‌ను గుర్తుపట్టడానికి ఆ గీతే పెద్ద ఆధారం. అందుకని పిట్ట ఒక్క క్షణం ఆగిన చోట షట్టరు వేగం తగ్గించి, వరుసగా అనేక ఫొటోలు తియ్యి, వాటిలో ఒకటైనా కదలకుండా వస్తుంది. ఫోకస్‌ను మధ్యలో ఒకే బిందువుకు కట్టెయ్యి, లేకపోతే ముందున్న ఆకే స్పష్టంగా వచ్చి పిట్ట మసకబారుతుంది.

బురద మేటల మీద చిక్కు వేరు. మన సముద్రం తూర్పున ఉంది కదా, ఉదయం ఒడ్డున నిలబడి చూస్తే పిట్టలన్నీ ఎండకు ఎదురుగా నల్లటి నీడలుగా వస్తాయి. మధ్యాహ్నం వెళితే తడి బురద మీద లేచే వేడిగాలికి బొమ్మంతా అలలు అలలుగా వణుకుతుంది, ఏ లెన్సూ దాన్ని సరిచేయలేదు. సాయంత్రం ఎండ వీపు వైపు పడుతుంది. అందుకని ఆటుపోటుల వేళలు ముందే చూసుకుని, సాయంత్రం పోటు వచ్చే రోజునే వెళ్ళు. నీరు మేటలను కమ్ముకుంటూ వస్తుంటే పిట్టలే ఒడ్డు వైపుకు జరుగుతాయి, నువ్వు కదలకుండా కూర్చుంటే చాలు. అప్పుడు లిటిల్ స్టింట్, టెమ్మింక్స్ స్టింట్ అనే చిన్న ఒడ్డు పిట్టలను దగ్గరగా చూడవచ్చు. మొదటిదానికి కాళ్ళు నలుపు, రెండోదానికి పసుపుపచ్చ, అని పుస్తకం చెబుతుంది. మన బురదలో అందరి కాళ్ళూ నల్లగానే ఉంటాయి. కాబట్టి కాళ్ళు కడుక్కునేలా నీళ్ళలో నడిచేదాకా ఆగు, లేదా ఎగిరినప్పుడు తోక అంచులు చూడు. టెమ్మింక్స్‌కు అవి శుభ్రమైన తెలుపు.

శాండ్ ప్లవర్లనే ఒడ్డు పిట్టల దగ్గర నీ సందేహం తీరకపోయినా బాధపడకు. లెసర్ శాండ్ ప్లవర్ అని ఒకటిగా లెక్కించినదాన్నే ఈ మధ్య సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు. శీతాకాలపు ఈకలలో వాటిని విడిగా చెప్పడానికి అనుభవజ్ఞులే జంకుతారు. చూసిన పిట్టలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పట్టీ పెట్టేటప్పుడు కుటుంబం వరకే తెలిస్తే అంతవరకే నమోదు చేసే వీలుంది, దాన్ని వాడుకో. పిట్టలను గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌కు ఫొటో చూపిస్తే ఏదో ఒక పేరు ఇస్తుంది, అది సూచన మాత్రమే. ఎక్కడ, ఏ నెలలో తీశావో దానికి చెప్పకపోతే ఆ సూచనకు విలువ ఇంకా తగ్గిపోతుంది. తప్పు పేరుతో చేరిన ఒక నమోదు, ఆ పిట్ట మన తీరంలో ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో లెక్క చూసే మనుషులను దారి తప్పిస్తుంది. పేరు ఖాళీగా వదిలిన నమోదుతో ఆ నష్టం ఉండదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫోనులో కూత వినిపించి పిట్టను బయటికి రప్పించవద్దు, అది మరో పిట్ట తన చోటు ఆక్రమించిందనుకుని మేత వదిలి వస్తుంది. గూడు కనిపిస్తే అడ్డంగా ఉన్న ఆకులు తప్పించి ఫొటో తీయడం అసలు చేయకు. ఆ ఆకులే కాకికీ జెముడుకాకికీ గుడ్లు కనిపించకుండా కాపాడేవి, నువ్వు వెళ్ళిపోయాక వాటిని తిరిగి కప్పేవారు ఎవరూ లేరు. గూడున్న చోటు ఎవరికీ పంపకు.

వచ్చే ఆదివారం మళ్ళీ ఆ కాలువ గట్టుకే వెళ్ళు. కెమెరా ఎత్తకముందు కాసేపు విను, చూడు, చిన్న పుస్తకంలో వేళ, చోటు, కూత, తోక ఆడించిన తీరు రాసుకో. తరువాత ముందు నుంచి, పక్క నుంచి, ఎగిరేటప్పుడు, ఎలా వీలైతే అలా తియ్యి. మసకగా వచ్చినవాటినీ తోక ఒక్కటే పడినవాటినీ తీసేయకుండా, కత్తిరించకుండా నాకు పంపు. పక్కన జమ్ము కంకి ఒకటి పడేలా చూడు, దాన్నిబట్టి పిట్ట ఎంతుందో నేను లెక్క కడతాను.

ఆశీస్సులతో,
అమ్మ