రమణా, గోడ కాదురా, గవాచి!

కడప,
మే 18.

ఒరేయ్ రమణా,

భీమిలిలో నువ్వు కట్టబోయే ఇంటి ప్లాను అందింది. మూడుసార్లు చూసినా. ఉండేది మీరిద్దరు, పిల్లోడు బెంగుళూరులో. 180 గజాల్లో నాలుగు పడకగదులా? అన్ని గదుల్లో ఎవురు పండుకోవాల, అలలా? భీమిలిలో ఇల్లంటే చుట్టాలు ఎగబడి వస్తారంటావు. వస్తారు, సంక్రాంతికి రెండు దినాలు. దానికి వసారాలో చాపలు చాలు. మిగతా 363 దినాలు ఆ గదులు ఊడ్చాల్సింది మా చెల్లెమ్మ.

అయినా నాకు దిగులు పుట్టించింది గదులు కాదు, ఆ అద్దం. తూర్పు గోడంతా అద్దమే! నేనూ ఇదే పని చేసినోణ్ణే కదరా. పాలకొండలు కనపడాలని పడమటి గదికి ఎనిమిదడుగుల అద్దం పెట్టిస్తి. మేస్త్రీ వద్దంటానే ఉన్న్యాడు, నేను వింటినా? ఇప్పుడు ఫిబ్రవరి దాటితే మధ్యాన్నం ఆ గదిలో కాలు పెట్టలేం. మందపాటి కర్టెన్ కుట్టించినాం. కొండ చూసింది తక్కువ, కర్టెన్ మీది పూలు చూసింది ఎక్కువ.

నీకు సముద్రం తూర్పున ఉండాది. మీ ఇంజనీరు రెండడుగుల సన్‌షేడ్ గీసినాడు. నడినెత్తి ఎండకైతే అది గొడుగే. నీళ్లలోంచి అప్పుడే లేచిన పొద్దుకు దాని కిందనుంచి దూరి నీ మంచం మీదికి రావడం ఒక లెక్కా? ఎనిమిదడుగుల వసారా దించు, దానికి వెదురు తడకలు కట్టించు. కూర్చుంటే సముద్రం కంటికి అందే ఎత్తులో ఒక కిటికీ, పడుకుంటే కనపడేటట్టు ఇంకొకటి, పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఒకటి. అంతే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో అద్దాల గతి ఏమైందో నాకంటే నీకే బాగా తెలుసు.

'మీ జేజి మిద్దె మాదిరి చల్లగా ఉండాల' అని రాసినావే, ఆ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. రెండడుగుల రాతిగోడలు, దూలాల మీద బండలు, ఆపైన చౌడుమట్టి, నడుమ గవాచి, అదేరా, గాలీ వెలుతురూ ఆడను కప్పులో వదిలే కంత. బయట 42 ఉన్నా లోపల మనం గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్లం. కానీ ఆ గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కేస్తుంది. మనది పొడిగాలి, పొద్దుగూకితే చల్లబడుతుంది కాబట్టి దానికి సాగింది. మీకాడ పగటికీ రాత్రికీ తేడా కొంచెమే, గోడ చల్లారేలోపే తెల్లారిపోతుంది. పైగా తేమకు చెమట ఆరదు. ఇక్కడి కూలర్ అక్కడ పెట్టినావంటే ఉన్న తేమకు ఇంకొంచెం తేమ కలిపినట్టే. మిద్దెలో నీకు పనికొచ్చేది గోడ కాదురా, గవాచి.

అంటే వేడి పైకి పోయే దారి. పైకప్పుకు ఆనుకుని వెంటిలేటర్లు, ఎదురెదురు కిటికీలు. పగలు గాలి సముద్రం మీదినుంచి వస్తుంది, రాత్రి నేలమీదినుంచి అటు పోతుంది. రెండూ ఇంట్లోంచే పోవాలంటే ఇల్లు ఒక గది మందమే ఉండాల. చిన్నిల్లు కట్టమనేది డబ్బు మిగుల్తుందని కాదు. గది ఎనక గది పెడితే గాలి ముందుగదిలోనే ఆగిపోతుంది. రెండు పడకగదులు, వంటిల్లు కలిసిన ఒక హాలు, 850 చదరపు అడుగులు. చాలదా?

కరెంటు సంగతి తొందరగా చెప్తా. మిద్దెపైన తెల్లసున్నమో కూలింగ్ పెయింటో కొట్టించు. బీఎల్‌డీసీ ఫ్యాన్లు తెచ్చుకో, పాతవి 75 వాట్లు తింటే ఇవి 30 దగ్గర ఆగుతాయి. ఏసీ ఒక్క పడకగదికే. సోలార్ 3 కిలోవాట్లు పెట్టిస్తే కేంద్రం వాళ్ల సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, దినానికి సుమారు 12 యూనిట్లు పండుతాయి. పలకల మీద ఉప్పు పేరుకుంటుంది, మంచినీళ్లతో కడుగుతా ఉండు.

నేను పట్టుబట్టేది కాంక్రీటులో వేసే ఇనుప కమ్మీ దగ్గర. ఉప్పుగాలికి కమ్మీ తుప్పుపట్టి ఉబ్బిందంటే కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది. మీ ప్లానులో కాంక్రీటు గట్టిదనం ఎం20 అని రాసినారు. సముద్రపు గాలి తగిలేచోట కనీసం ఎం30, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల మందం కాంక్రీటు కవరు ఉండాలని కాంక్రీటు పనికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 456లోనే ఉండాది. మీ ఇంజనీరును అడుగు, గొణుగుతాడు, గొణగనీ. తీరం ఇసుక ఎవురన్నా చవగ్గా తోలిస్తామన్నా తీసుకోవద్దు. స్థలం పోటు హద్దుకు 500 మీటర్ల లోపల ఉంటే తీరం కట్టడాల నిబంధన, అదే సీఆర్‌జెడ్, దాని అనుమతి చూసుకోకుండా గుంత కూడా తవ్వొద్దు.

వంటగట్టుకు, అరలకు కడప బండలు నేనే లారీకి ఎక్కిస్తా. వసారా బయట మాత్రం పరచొద్దు, నల్లరాయి, కాళ్లు కాలతాయి. గట్టు మీద నిమ్మకాయ పిండినావంటే వెంటనే తుడిచెయ్యి. సున్నపురాయి కదా, తెల్లమచ్చ పడితే పోదు.

కొత్త ప్లాను గీయించి పంపు. దాంట్లో గవాచి లేకపోతే లారీ కదలదు, ముందే చెప్తాండా.

నీ
శీను