నా పాట నువ్వు వాయించి చూడాలి

ప్రియమైన సుధీర్,

నీ ఉత్తరం అందింది. అమ్మగారికి మోకాలి నొప్పి తగ్గిందని చదివి మనసు తేలికపడింది. కొత్త ఊళ్లో పియానో ఇంకా దొరకలేదని రాశావు. దొరికేదాకా కీబోర్డు మీదైనా సాధన మానకు.

దీనితోపాటు కొన్ని కాగితాలు పంపుతున్నాను. తొలకరి మీద నేను కట్టిన పాట అది. అన్నిటికన్నా పై గొంతు సొప్రానో, ఆ కింద ఆల్టో, టెనర్, అన్నిటికన్నా లోతైన బాస్, ఈ నాలుగు గొంతులకూ రాసి, పియానో తోడు పెట్టాను. బాగుందో లేదో తరువాత చెబుదువుగాని, ముందు వాయించు. చెయ్యి ఎక్కడ తడబడిందో, ఏ చోట విసుగు పుట్టిందో పెన్సిల్‌తో గీసి తిరిగి పంపు. నాకు కావలసింది అదే.

మా శనివారం బృందం గురించి నీకు వివరంగా ఎప్పుడూ రాయలేదు. పాతబడిన నిలువు పియానో ఉన్న ఒక మిత్రుడి ఇంట్లో చేరతాం. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన బాస్ పాడతారు. ఒక స్కూలు టీచరు ఆల్టో. డాక్టరీ చదువుతున్న కుర్రాడు టెనర్. అందరమూ ఏదో ఒకటి రాసేవాళ్లమే, ఎవరికీ అది వృత్తి కాదు. మేము పెట్టుకున్న నియమాలు రెండు. రాసినవాళ్లు తమ పాటను తాము వాయించకూడదు, పియానో దగ్గర వేరొకరు కూర్చోవాలి. మొదటిసారి పాడటం పూర్తయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. నాకు మొదటి నియమం మీద ఎంత గౌరవమో చెప్పలేను. మన పాట మనమే వాయించుకుంటే, కాగితం మీద లేనిదంతా వేళ్లు పూరించేస్తాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మెత్తబడాలో మనకు ముందే తెలుసు కదా! వేరొకరి చేతికి వెళ్లినప్పుడే మనం రాసింది ఎంతో, ఊహించుకుని వదిలేసింది ఎంతో తేలుతుంది.

కంప్యూటర్‌లో వినిపించుకోవచ్చు కదా అంటావేమో. స్వరాలు రాసి వినిపించుకునే మ్యూస్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నేనూ అందులోనే రాస్తాను. కానీ యంత్రానికి ఊపిరి అక్కర్లేదు. పాట చివర బాస్‌కు, స్వరాలు రాసే అయిదు గీతల్లో అడుగు గీత కింద ఉండే ఎఫ్ స్వరం రాశాను. కంప్యూటర్ దాన్ని గంభీరంగా మోగించింది. మా పెద్దాయన గొంతులో అది గాలిలాగే వచ్చింది. "బాబూ, దీనికి పైస్థాయి ఎఫ్ కూడా పక్కనే రాసిపెట్టు, ఎవరికి ఏది అందితే అది పాడతారు" అన్నారు. అందుకే నీ కాపీలో చివరి కొలతలో, అంటే తాళం చివరి చుట్టులో, రెండు ఎఫ్‌లు కనిపిస్తాయి. పెద్ద క్వయర్ (గాయక బృందం)లో లోతైన గొంతులు కిందిది తీసుకుంటాయి, మాలాంటి చిన్న బృందం పైదానితో ముగిస్తుంది.

ఇలా ఎదుటివాళ్ల గొంతును బట్టి రాయడం తక్కువ పని అనుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. మోజార్ట్ 1791 జూన్‌లో బాడెన్ ఊరి క్వయర్ నడిపే తన మిత్రుడు ఆంటోన్ స్టోల్ కోసం ఒక చిన్న ప్రార్థనాగీతం రాసిచ్చాడు. మొత్తం 46 కొలతలే. మామూలు గాయకులు పాడగలిగేంత సాదాగా ఉంటుంది. ఇప్పటికీ ప్రపంచమంతటా చిన్నా పెద్దా క్వయర్లు దాన్ని పాడుతూనే ఉన్నాయి.

ఇంకో మనిషి గురించి నీకు చెప్పాలి. చార్లెస్ ఐవ్స్ న్యూయార్క్‌లో బీమా వ్యాపారం చేస్తూ తీరిక వేళల్లో సంగీతం రాశాడు. తన పాటలు 114 పోగుచేసి 1922లో సొంత ఖర్చుతో అచ్చు వేయించి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఉచితంగా పంపాడు. అంతకుముందే తన పియానో సొనాటా ఒకదాన్ని అలాగే అచ్చు వేయించి పంచిపెట్టాడు. ఆ సొనాటాను జాన్ కర్క్‌పాట్రిక్ అనే పియానిస్టు సంవత్సరాల తరబడి సాధన చేసి, 1939లో న్యూయార్క్ టౌన్ హాల్‌లో మొత్తంగా వాయించాడు. అప్పుడుగానీ లోకం ఐవ్స్ వైపు తిరగలేదు. నన్ను కదిలించేది ఆ కీర్తి కాదు. ఎవరు తెరిచి చూస్తారో తెలియకుండానే కట్టలు కట్టి పోస్టులో వేసిన ఆ నమ్మకం. ఒక్క పియానిస్టు దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు, చాలు!

సరే, పాటలోకి వస్తాను. రాగం మోహన, షడ్జమం ఎఫ్. మోహనలో మధ్యమం (మ), నిషాదం (ని) లేవని నీకు తెలుసు. ఒకే గొంతు పాడితే అది అందం. నాలుగు గొంతులకు రాయాలంటే మాత్రం చిక్కంతా అక్కడే. పాశ్చాత్య పద్ధతిలో పాట ముగించాలంటే పంచమం మీద కట్టిన కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, కావాలి, దానికి ప్రాణం నిషాదం. మధ్యమం లేదు కాబట్టి నాలుగో స్వరం మీది కార్డూ లేదు. మా టీచరు ఆల్టోలో నిషాదం ఒక్కసారి తాకిస్తే ముగింపు నిండుగా ఉంటుందని గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. ఆ ఒక్క స్వరం పడగానే అప్పటిదాకా విన్న మోహన చెదిరి, చెవికి మామూలు మేజర్ స్కేలు వినిపిస్తుంది.

చివరికి దారి చూపింది ఆ కుర్రాడే. సొప్రానో "గ రి స" అని దిగుతుంది కదా, ఆ "రి" దగ్గర బాస్‌కు పంచమం, టెనర్‌కు రిషభం, ఆల్టోకు ధైవతం పెట్టమన్నాడు. అక్కడి నుంచి బాస్ షడ్జమానికి, టెనర్ గాంధారానికి, ఆల్టో పంచమానికి, సొప్రానో షడ్జమానికి వెళ్తాయి. వాయించి చూడు. ప్రతి గొంతుకూ దగ్గరి మెట్టే, ఒక్క బాస్ మాత్రమే దూకుతుంది. రాగం బయటి స్వరం ఒక్కటీ లేదు. అయినా పాట ఇంటికి చేరినట్టే ఉంటుంది. మొదటిసారి నలుగురూ కలిసి పాడినప్పుడు పెద్దాయన చెయ్యెత్తి "మళ్లీ" అన్నారు. ఆ రెండు కార్డులే పదే పదే పాడుకున్నాం.

మాటలు కూడా నావే:

తొలకరి చినుకా, తొందరగా రావే
పొలమంతా నీ పేరే పిలుస్తోంది

"తొలకరి" నాలుగూ లఘువులు కాబట్టి పొట్టి స్వరాలు ఇచ్చాను. "రావే" రెండూ గురువులు, వాటికి పొడుగు స్వరాలు. తెలుగు పాటకు నాలుగు పార్టులు రాసేటప్పుడు లయ కోసం దీర్ఘాన్ని కుదిస్తే వినేవాళ్లకు మాట అందదు. దీర్ఘం తన చోటు తాను అడుగుతుంది, ఇచ్చి తీరాలి. తెలుగులో మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి చివర కార్డు తెరుచుకునే ఉంటుంది, గాయకులు హాయిగా నిలపగలరు. జాగ్రత్త పడాల్సింది "పిలుస్తోంది"లోని "స్తో" దగ్గర. ఆ సకారం నాలుగు గొంతుల్లో నాలుగు క్షణాల్లో పడితే బుసకొట్టినట్టుంటుంది. అందుకే దాన్ని సరిగ్గా తాళం దెబ్బ మీద పెట్టాను.

పియానో భాగం నీకు వదిలేస్తున్నాను. చినుకుల కోసం కుడిచేతికి పై స్థాయిలో విడివిడి స్వరాలు రాశాను, పెడల్ తక్కువ వాడాలి. రెండో చరణంలో ఎడమచేతికి ఎఫ్ నుంచి పై ఏ దాకా ఒకేసారి చాచాల్సి వస్తుంది. నీ చేతికి అందుతుంది. చిన్న చేతులవాళ్లకు కింది స్వరం నుంచి పైకి విరిచి వాయించమని రాయాలా, లేక పై ఏ టెనర్ పాడుతూనే ఉంది కాబట్టి దాన్ని తీసేయాలా? నాకు తీసేయడమే మేలనిపిస్తోంది, కానీ నీ మాట విన్న తరువాతే మార్చుతాను.

నువ్వు కాలేజీ రోజుల్లో రాసిన ఆ మూడు తాళాల చిన్న పియానో ముక్క ఇంకా నీ దగ్గరే ఉందా? ఉంటే దాని నకలు పంపు. ఇక్కడ మా టీచరు వాయిస్తారు, నియమం ప్రకారం నువ్వు దూరంగానే ఉంటావు కాబట్టి ఇబ్బంది లేదు. ఎక్కడ ఏమనిపించిందో నలుగురమూ రాసి పంపుతాం.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. జవాబు ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ ఎడమచేతి సంగతి మాత్రం ముందు రాయి. వచ్చే శనివారం కొత్త కాపీలు తీయాలి.

ఇట్లు,
నీ రాజు