క్రిస్మస్ వారంలో ‘మిస్సమ్మ’ను ఊరందరికీ చూపించండి

సంపాదకులకు,

అయ్యా,

డిసెంబరు నెల సగానికి వచ్చేసరికి పత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ, టీవీల్లోనూ క్రిస్మస్‌కు తప్పక చూడవలసిన సినిమాల పట్టికలు కనిపించడం కొన్నేళ్లుగా ఆనవాయితీ అయింది. ఆ పట్టికల్లో ఉండేవి దాదాపు అన్నీ ఇంగ్లీషు సినిమాలే. అవి మంచి సినిమాలు కావని నేను అనను. వాటిలో కొన్నింటిని మా ఇంట్లో పిల్లలతో కలిసి ఇష్టంగా చూస్తాం. కానీ ఆ పట్టికలు చదివిన ప్రతిసారీ, మన జిల్లా మనుషులు పాట రాసి, బాణీ కట్టి, గొంతునిచ్చిన ఒక గొప్ప చిత్రాన్ని ఈ పండుగ రోజుల్లో మనమే ఎందుకు తలుచుకోవడం లేదన్న బాధ కలుగుతుంది. ఆ చిత్రం ‘మిస్సమ్మ’. క్రిస్మస్ వారంలో ఏదో ఒక రోజున విజయనగరం ఆనంద గజపతి ఆడిటోరియంలో ఆ సినిమాను ఉచితంగా ప్రదర్శించే ఏర్పాటు జిల్లా యంత్రాంగం గానీ, నగరపాలక సంస్థ గానీ చేయాలని, దానిని ఒక్క ఏడాదితో సరిపెట్టకుండా ఏటా కొనసాగించాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఏటా అని ఎందుకు అంటున్నానో వివరించాలి. పండుగ సినిమా అనేది తీసేటప్పుడే అలా తయారు కాదు. పదేపదే చూపించడం వల్ల అవుతుంది. అమెరికాలో క్రిస్మస్ అనగానే చాలామంది మొదట చెప్పే ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ చరిత్రే ఇందుకు సాక్ష్యం. ఫ్రాంక్ కాప్రా దర్శకత్వంలో జేమ్స్ స్టూవర్ట్ నటించిన ఆ చిత్రం 1946 డిసెంబరులో విడుదలైంది. ఐదు ఆస్కార్ నామినేషన్లు దక్కినా పెట్టిన ఖర్చు మాత్రం వెనక్కి రాలేదు, జనం కూడా క్రమంగా మరిచిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఇరవై ఎనిమిదేళ్లకు హక్కులను పునరుద్ధరించుకోవలసి ఉండగా, 1974లో సొంతదారులు ఆ పని చేయలేదు. దానితో రుసుము చెల్లించకుండా వేసుకోగల సినిమా దొరికిందని అక్కడి టీవీ కేంద్రాలన్నీ ప్రతి డిసెంబరులోనూ దానిని వేయడం మొదలుపెట్టాయి. అలా చూసి చూసి ఒక తరం పెరిగింది, ఆ తరం తన పిల్లలకు చూపించింది. ఆ విధంగా అది క్రిస్మస్ సినిమా అయింది.

ఊరివాళ్ల ఇళ్ల కోసం చిన్న మొత్తాల్లో అప్పులిచ్చే సంస్థను నడిపే ఒక మనిషి కథ అది. సంస్థ డబ్బు ఎనిమిది వేల డాలర్లు కనబడకుండా పోతాయి. పరువు పోతుందన్న భయంతో అతడు చావడానికి సిద్ధపడతాడు. ఆ ఇంట్లో మెట్ల పక్కన ఉన్న కటకటాల చివర ఒక చెక్క గుండు వదులై ఉంటుంది. పైకి వెళ్తూ చేయి వేసినప్పుడల్లా ఊడి చేతిలోకి వస్తుంది. కష్టాల్లో ఉన్న రోజున అది ఊడివస్తే విసిరేయబోతాడు. బతకాలని నిశ్చయించుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చిన రాత్రి అదే గుండు మళ్లీ చేతిలోకి వస్తే దానిని ముద్దుపెట్టుకుని తిరిగి పెడతాడు. ఆ తర్వాత ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ దగ్గరున్న కొద్దిపాటి డబ్బును బల్ల మీద గుమ్మరిస్తారు. పొదుపు సంఘాల కష్టసుఖాలు తెలిసిన మన ఊళ్ల ఆడవాళ్లకు ఈ కథను ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. దీనికి మంచి తెలుగు అనువాదంతో ఒక ప్రదర్శన జరిగితే ఎంత బాగుంటుందో అని నాకు చాలాసార్లు అనిపించింది.

మళ్లీ మళ్లీ చూపించడం వల్ల సినిమా పండుగలో భాగం కావడం మనకు కొత్త కాదు. శ్రీరామనవమికి ‘లవకుశ’ వేయని ఏడాది ఉండదు. శివరాత్రి జాగరణకు సినిమా హాళ్లలో తెల్లవార్లూ ఆటలు వేసేవారు. భక్తితో వచ్చేవారు ఎంతమందో, నిద్ర ఆపుకోవడానికి వచ్చేవారూ అంతమంది ఉండేవారు. క్రిస్మస్‌కు అలాంటి స్థానం 1978 డిసెంబరులో విడుదలైన ‘కరుణామయుడు’కు దక్కింది. భీంసింగ్ దర్శకత్వంలో విజయచందర్ ఏసు పాత్ర ధరించిన ఆ చిత్రం సినిమా హాళ్లలో కంటే పల్లెల్లోనే ఎక్కువ కాలం ఆడిందని చెప్పాలి. వరి కోతలైపోయి కళ్లాలు ఖాళీ అయ్యాక, రెండు సరుగుడు కర్రల మధ్య తెల్లగుడ్డ బిగించి, 16 ఎం.ఎం. ప్రొజెక్టరుతో వేసేవారు. గుడ్డకు ముందు చోటు దొరకనివాళ్లు వెనక కూర్చునేవారు. వాళ్లకు పేర్లన్నీ తిరగబడి కనబడేవి. రీలు మార్చే వ్యవధిలో ఆడవాళ్లు ఒక కీర్తన అందుకునేవారు. సైనికులు కొరడాలు ఝుళిపించే ఘట్టం వచ్చినప్పుడు, ఎన్నడూ చర్చి గడప తొక్కని ముసలమ్మలు కూడా చెంగులతో కళ్లొత్తుకుంటూ ఆ సైనికులను పేరు పెట్టి తిట్టేవారు. మోదుకూరి జాన్సన్ రాసి, బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘కదిలింది కరుణరథం’ ఈనాటికీ మన ఊళ్లలో డిసెంబరు అంతా మైకుల్లో వినిపిస్తుంది. పాట నిలిచింది కానీ, అందరూ ఒకచోట కూర్చుని సినిమా చూడడం పోయింది. ఇప్పుడు ఎవరి ఫోను వారిది.

ఇక ‘మిస్సమ్మ’ సంగతి. 1955లో విజయా సంస్థ నిర్మించి, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పుట్టింది రాజాంలో. సంగీతం సమకూర్చిన సాలూరి రాజేశ్వరరావు సాలూరు దగ్గరి శివరామపురంలో జన్మించారు. జమున పాత్రకు పాడిన పి. సుశీల మన విజయనగరం ఆడపడుచు, ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నవారు. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, రాజాం అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, ఇదంతా ఒకే ప్రాంతం. సావిత్రి మేరీమాతను వేడుకుంటూ పాడే ‘కరుణించు మేరిమాతా’ రాసిన పింగళే అదే చిత్రంలో ‘బృందావనమది అందరిది’ కూడా రాశారు; ఆ రెండింటికీ బాణీ కట్టినది రాజేశ్వరరావే. ఒకటి క్రైస్తవ ప్రార్థన, ఇంకొకటి కృష్ణుడి పాట. ఏది రాసేటప్పుడూ కలం తడబడలేదు, ఏది కట్టేటప్పుడూ శ్రద్ధ తగ్గలేదు.

ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పి ఒక ఊరి బడిలో చేరిన ఇద్దరు పట్టభద్రుల కథ ఇది; అందులో అమ్మాయి మేరీ క్రైస్తవురాలు. కథలో క్రిస్మస్ పండుగే లేదు కదా అని కొందరు మిత్రులు నాతో అన్నారు. నిజమే, పండుగ ఘట్టం కోసం చూస్తే నిరాశ తప్పదు. చివరకు మేరీ జమీందారు దంపతుల తప్పిపోయిన కూతురని తేలడం నచ్చలేదని ఒక క్రైస్తవ మిత్రురాలు చెప్పారు. ఆ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ఒక్క విషయం గమనించమని ఆమెను కోరాను. మన సినిమాల్లో చాలాకాలం పాటు క్రైస్తవ పేరున్న పాత్ర అంటే క్లబ్బులో నాట్యమాడే అమ్మాయో, దొంగల నాయకుడి అనుచరుడో అయ్యేది. అంతకు ముందే, 1955లోనే, ‘మిస్సమ్మ’ ఒక క్రైస్తవ యువతిని చదువుకున్నదానిగా, ఆత్మాభిమానం గలదానిగా, తన మతాచారాలను ఎవరి మెప్పు కోసమూ వదులుకోనిదానిగా చూపించింది. చుట్టూ ఎంత హాస్యం నడుస్తున్నా, ఆమె ప్రార్థన నవ్వులపాలు కాదు. ఆమెను పెంచిన తండ్రి పాల్‌ను ఆ కథ చివరిదాకా గౌరవంగానే చూస్తుంది. ఒకే వీధిలో చర్చి గంటా, గుడి గంటా వింటూ పెరిగిన మన ఊళ్లకు ఇంతకంటే తగిన పండుగ సినిమా నాకు కనిపించలేదు.

ప్రదర్శనకు పెద్ద అడ్డంకి ఉంటుందని కూడా నేను అనుకోవడం లేదు. మన దేశ కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాపై హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు ఉంటాయి. ఆ లెక్కన 1955 నాటి ‘మిస్సమ్మ’ చిత్ర హక్కుల గడువు 2015 చివరితో ముగిసింది. ‘కరుణామయుడు’కు 2038 చివరి వరకు ఉంది కనుక దానికి సొంతదారుల అనుమతి తప్పనిసరి. పాటల సాహిత్యంపై హక్కులు కవి మరణించిన తర్వాత అరవై ఏళ్ల వరకు వేరుగా ఉంటాయి. పింగళి 1971లో కన్నుమూశారు. అందువల్ల న్యాయ సలహా తీసుకుని, అవసరమైతే నిర్మాణ సంస్థ వారసులను సంప్రదించి, సెన్సార్ సర్టిఫికెట్ ఉన్న మంచి ప్రింటును తెప్పించడం అధికారులు చేయవలసిన పని. ఈ జాగ్రత్త ఊరికే చెప్పడం లేదు. పైన చెప్పిన అమెరికా చిత్రం విషయంలో కూడా, దాని మూలకథ మీద, సంగీతం మీద ఉన్న హక్కుల ఆధారంగా 1990లలో ఒక సంస్థ టీవీ ప్రసారాలకు అడ్డుకట్ట వేసింది.

ప్రభుత్వం తరఫున ఏటా క్రిస్మస్ వేడుకలు జరుగుతూనే ఉన్నాయి. వేదిక, ప్రసంగాలు, కేకు కోయడం, తేనీటి విందు అయ్యాక ఆహ్వానితులు వెళ్లిపోతారు. ఆ కార్యక్రమానికి ఈ ప్రదర్శనను జతచేస్తే ఆహ్వానం లేని సామాన్యులకూ అందులో చోటు దొరుకుతుంది. సిరిమానోత్సవం సమయంలో విజయనగర ఉత్సవాలు జరిపి ఊరంతటినీ కలుపుకొనే అనుభవం మన అధికారులకు ఉంది. పిల్లల కోసం ముందురోజు ‘హోమ్ అలోన్’ వంటి చిత్రం వేయాలని ఎవరైనా సూచిస్తే నాకు అభ్యంతరం లేదు, దానికి రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి, అంతే.

తేదీ విషయంలో ఒక సూచన. పింగళి నాగేంద్రరావు జన్మదినం డిసెంబరు 29. క్రిస్మస్ నాడు చర్చి ఆరాధనలు, బంధువుల రాకపోకలు ఉంటాయి కనుక ప్రదర్శన 29న పెడితే పండుగ వారమూ దాటదు, రాజాంలో పుట్టిన కవిని స్మరించినట్టూ అవుతుంది. అదే రోజున రాజాం, సాలూరు పురపాలక సంఘాలు కూడా తమ ఊళ్లలో ప్రదర్శన పెట్టుకోవచ్చు. ఆట మధ్యాహ్నం రెండు గంటలకు మొదలైతే, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు, వృద్ధులు చీకటి పడకముందే బస్సెక్కి ఇళ్లకు చేరగలరు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
కంటోన్మెంట్, విజయనగరం